వెనక నుంచి ‘దారి’ అని వినబడితే

తాంపెరె,
1985 నవంబరు 10, ఆదివారం

ఔలిస్ అన్నయ్యకి,

ముందే చెబుతున్నాను, నవ్వకూడదు. నేను స్కీలు కొన్నాను.

నవ్వావు కదూ? నవ్వితే మంచిదేలే. పోయిన ఏడాది ఏప్రిల్ తర్వాత నీ నవ్వు నేను వినలేదు. ఫోను చేద్దామంటే తీగ పీకి పారేశావాయె. అందుకే ఈ కాగితాల గోల.

సంగతేమిటంటే, మా బేకరీ ఆడవాళ్లంతా కలిసి స్కీ బృందం పెట్టారు. డాక్టరు కూడా ‘ముప్ఫై ఏళ్లుగా పొయ్యి ముందు నిలబడ్డావు, ఇక కాస్త చల్లగాలిలో కదులు’ అన్నాడు. ఈసారి మంచు త్వరగా పడింది. పార్కులో దీపాలు పెట్టిన స్కీ జాడ మీద పని అయ్యాక రోజూ వెళుతున్నాం. నలభై తొమ్మిదేళ్ల మనిషిని, బడి మానేశాక మళ్లీ స్కీల మీద నిలబడటం ఇదే. మొదటి రోజు లేచిన సేపుకంటే పడిన సేపే ఎక్కువ. తొడలు ఎలా పీక్కుపోయాయంటే, మర్నాడు మెట్లు వెనక్కి తిరిగి దిగాను.

ఆ ‘దారి’ గోల ఒకటి! నేను నా మానాన నేను జాడలో పోతూంటాను. వెనక నుంచి ఎవరో ‘దారి!’ అని కేక. వెంటనే స్కీలు ఎత్తుకుని పక్కనున్న మెత్తటి మంచులోకి దిగిపోవాలి. ఎవరని తిరిగి చూడకూడదు, ఎందుకని అడగకూడదు. వాళ్లు దూసుకుపోతూ ‘థాంక్స్’ అంటారు. అంతే. చిన్నప్పుడు ఇదంతా నువ్వే నేర్పావు, గుర్తుందా? నిన్న ఒక ముసలమ్మ నాకు ‘దారి!’ చెప్పింది. డెబ్భై ఏళ్లకి తక్కువ ఉండవు. మోకాలి లోతు మంచులో నిలబడి ఆవిడ వీపు చూస్తూ ఉండిపోయాను. నేను ఇంతవరకు ఒక్కరికీ ‘దారి’ అనలేదు, అనే అవకాశమే రాలేదు.

ఇక అసలు విషయం. మార్చిలో కొర్పివారాలో మీ క్లబ్బువాళ్లు పెట్టే పెద్ద పోటీకి పేరిచ్చాను. గడ్డకట్టిన మన హోయిక్కా సరస్సు దాటి వెళ్లేదే. గెలవడానికి కాదు, చివరిదాకా వెళ్లడానికి. సరస్సు దాటగానే అవతలి ఒడ్డున మజిలీ ఉంటుందిగా, అక్కడ నువ్వు వేడి బెర్రీ రసం, ఉప్పు దోసకాయ పట్టుకుని నిలబడాలి. మిగతా అందరికీ వాళ్ల వాళ్లెవరో ఒకరు నిలబడతారు. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?

నువ్వు అక్కడ ఉంటే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

నీ చెల్లెలు,
సైమి


కొర్పివారా,
నవంబరు 24

సైమీ,

ఉత్తరం అందింది. నవ్వలేదు.

ఫోను తీగ పీకింది నేనే. అందరూ ఫోను చేసి ఒకటే అడిగేవాళ్లు, ఎలా ఉన్నావని. ఎలా ఉంటాను? తింటున్నాను, కట్టెలు కొడుతున్నాను, శనివారం ఆవిరి స్నానానికి సౌనా వేడి చేస్తున్నాను. ఒక్కడికి ఎన్ని కట్టెలు కావాలి? అయినా కొడుతున్నాను.

స్కీలు ఏ కొట్లో కొన్నావు? చెయ్యి పైకెత్తి నిలబడితే కొన మణికట్టు దాకా రావాలి. అంతకంటే పొడుగంటే కొట్టువాడు నిన్ను మోసం చేసినట్టే.

పోటీ సంగతి. నువ్వు పరుగెత్తాలనుకుంటే ఈ దేశంలో పోటీలకి కొదవ లేదు. మీ తాంపెరె చుట్టూ బోలెడున్నాయి. సరస్సు దాటే పోటీ నీకెందుకు? దాన్లోంచి పేరు తీయించుకో. ఇంకెక్కడైనా పరుగెత్తు.

తౌనో వచ్చాడు. వాడిప్పుడు క్లబ్బు అధ్యక్షుడు. సరస్సు మీద జాడకి అటూ ఇటూ స్ప్రూస్ చెట్టు కొమ్మలు నాటాలి, నువ్వే నాటాలి అన్నాడు. ఇరవై ఏళ్లుగా నేనే నాటేవాణ్ణి కదా అని వాడి ధీమా. కుదరదన్నాను. కుర్రాళ్లు నాటితే వరస వంకర్లు పోతోందట, గాలి లేస్తే జనం దారి తప్పుతున్నారట. కాఫీ ఇవ్వకుండానే పంపించేశాను. మన ఊళ్లో గుమ్మంలోకి వచ్చినవాణ్ణి కాఫీ ఇవ్వకుండా పంపానంటే ఇక నువ్వే అర్థం చేసుకో.

ఔలిస్


తాంపెరె,
డిసెంబరు 15

అన్నయ్యా,

‘ఇంకెక్కడైనా పరుగెత్తు’ అన్న మాట నా గుండెలో గుచ్చుకుంది. నీ ఊళ్లో, నీ వాళ్ల కళ్ల ముందు చెల్లెలు చివరిదిగా వస్తే నీ పరువు పోతుందనా? నిజం చెప్పు. నువ్వు ఆ రోజుల్లో గెలిచిన వెండి చెంచాలు ఇంకా నీ అల్మరాలోనే ఉన్నాయి. నాకు చెంచాలేం వద్దు. పేరు మాత్రం తీయించుకోను.

అయినా నిన్ను తిడుతూ కూర్చుంటే నా పని జరగదు. స్కీల అడుగున రాసే మైనం గురించి నీకు తెలిసినంత ఈ ఊళ్లో ఎవరికీ తెలీదు.

పోయిన గురువారం ఏం జరిగిందో చెప్తాను, ఈసారి నవ్వొచ్చు. కొట్టువాడు గొట్టంలో జిగురు మైనం అంటగట్టాడు. ‘ఇది రాస్తే ఎంత ఎత్తయినా ఎక్కేస్తారు మేడం’ అన్నాడు. చిక్కగా రాశాను. బయటికెళ్లేసరికి కొత్త మంచు పడుతోంది. పది అడుగులు వేశానో లేదో, స్కీల కింద మంచు ఉండలు కట్టడం మొదలెట్టింది. ఎంత దులిపినా పోదు. ఇంకాసేపటికి రెండు కాళ్ల కిందా జానెడు మంచు గడ్డలు. పెళ్లికెళ్లే ఆడపిల్లలా ఎత్తు మడమల మీద నడుచుకుంటూ ఇంటికొచ్చాను. దారిపొడవునా అందరూ ‘దారి! దారి!’ అని అరుస్తూనే ఉన్నారు. పక్కకి దిగడానికి కూడా చేతకాక అలాగే ఒరిగిపోయాను. ఒక పెద్దమనిషి ఆగి లేవనెత్తి, ‘మీ స్కీలకి బూట్లు తొడిగారా?’ అని అడిగాడు.

ఏ రోజు ఏ మైనం రాయాలో చెప్పు. కోపంగా చెప్పినా సరే.

క్రిస్మస్‌కి వస్తానంటే వద్దంటావు. అందుకే అడగడం లేదు. మన ఇల్పో సమాధి దగ్గర ఈ మేనత్త పేరున ఒక కొవ్వొత్తి పెట్టు. వాడు ఇక్కడ నాతో ఉండి చదువుకున్న రెండేళ్లూ పొద్దున్నే నా ముక్కు కింద వేడి రొట్టె ఎత్తుకుపోయేవాడు. ఇప్పటికీ పొయ్యిలోంచి మొదటి రొట్టె తీసినప్పుడు చెయ్యి ఆగుతుంది.

సైమి


కొర్పివారా,
డిసెంబరు 28

సైమీ,

కొవ్వొత్తి పెట్టాను. నీదొకటి, నాదొకటి, ఎప్పుడో పోయిన వాళ్లమ్మదొకటి. ఆ సాయంత్రం గాలి లేదు. మూడూ నిలకడగా వెలిగాయి. శ్మశానమంతా దీపాలే. ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదు, అది నయం.

స్కీలకి బూట్లు తొడిగారా అన్న మాట దగ్గర నాకు నవ్వొచ్చింది. ఒక్కణ్ణే ఉన్న ఇంట్లో మనిషి పైకి నవ్వితే ఎంత వింతగా ఉంటుందో తెలుసా? నా నవ్వుకి నేనే ఉలిక్కిపడ్డాను.

ఇక విను. కొట్టువాడి మాట వినకు, మంచు మాట విను. చేతి తొడుగు తీసి గుప్పెట్లో మంచు పిసుకు. పిండిలా జారిపోతే నీలం మైనం. ఉండ కట్టి వేళ్లకి అంటుకుంటే ఊదా. ఉండని పిండినప్పుడు నీళ్లు కారితే ఎరుపు. జిగురు మైనం పాత మంచు కరిగి, గడ్డకట్టి, గరుకు ఉప్పులా తయారైనప్పుడే. కొత్త మంచు మీద జిగురు రాసినవాళ్లలో నువ్వు మొదటిదానివి కాదులే. ఏ మైనమైనా పల్చగా రాయి. రాసి బొటనవేలి మొదలుతో రుద్దు. మళ్లీ రాయి, మళ్లీ రుద్దు. నువ్వు రొట్టె మీద వెన్న రాసినట్టు రాశావని నీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది.

పరువు మాట నేననలేదు. నువ్వే అనుకున్నావు.

ఇంకో సంగతి. ‘దారి, దారి’ అని ప్రతి ఉత్తరంలో సరదాగా రాస్తున్నావు. అది నాకు రాయకు.

ఔలిస్


తాంపెరె,
1986 జనవరి 19

అన్నయ్యా,

నీ మైనం పాఠం గోడకి అతికించాను. మా బృందంలో అందరూ ఇప్పుడు నన్నే అడుగుతున్నారు. పొద్దున్నే నేను గుమ్మంలో నిలబడి మంచు పిసుకుతుంటే, ‘సైమి గారూ, ఇవాళ పిండి ఎలా కలిసింది?’ అని ఎగతాళి చేస్తున్నారు.

కానీ ‘అది నాకు రాయకు’ అన్నావు. అర్థమైందిలే. అందరికీ పక్కకి జరిగే చెల్లెలి కథలు వినడం నీకు చిన్నతనంగా ఉంది. సరే, రాయను. ఒక్కటి మాత్రం చెప్పి ఊరుకుంటాను. మార్చిలో నీ సరస్సు మీద నేను ఒక్కరికైనా ఆ మాట చెప్పి తీరతాను. చెప్పి, దాటి, నీ చేతి రసం తాగుతాను. చూస్తూ ఉండు.

పోయిన ఆదివారం చిన్న పోటీకి వెళ్లాను. చివరి నుంచి మూడోదాన్ని. ఆ వెనకున్న ఇద్దరిలో ఒకాయన కర్ర విరిగింది, రెండోది జలుబుతో వచ్చిన పిల్ల. అయినా గీత దాటినప్పుడు ఎవరో దుప్పటి కప్పి, వేడి రసం చేతిలో పెట్టేసరికి ఏడుపు వచ్చేసింది. ఎందుకంటే ఏం చెప్పను? ఇల్పో ఉంటే ఎంత ఏడిపించేవాడో. ‘అత్తా, నువ్వు స్కీల మీద నిలబడిన రోజు నేను నీ బేకరీలో చాకిరీ చేస్తా’ అనేవాడు. నిలబడ్డానురా వెధవా, రా, వచ్చి చాకిరీ చెయ్యి అనుకున్నాను.

అన్నయ్యా, నేను ఈ పోటీకి ఎందుకు పేరిచ్చానో నీకు సరిగ్గా చెప్పలేదు. నా మోకాళ్ల కోసం కాదు, డాక్టరు కోసం కాదు. నువ్వు తలుపు వేసుకుని కూర్చున్నావు. నేను ఊరికే వస్తానంటే తియ్యవు. ఆ సరస్సు మీదుగా ఒళ్లు హూనం చేసుకుని వస్తే, ఒక కప్పు రసం ఇవ్వడానికైనా బయటికి వస్తావేమోనని. అంతే.

సైమి


కొర్పివారా,
ఫిబ్రవరి 16

సైమీ,

 జవాబు ఆలస్యమైంది.

నీకోసం రోజూ పొద్దున మంచు చూస్తున్నాను. మొదట గుమ్మం దగ్గరే చూసేవాణ్ణి. కానీ ఇంటి నీడలో మంచు వేరు, ఆరుబయట వేరు. అందుకని కంచె దాకా వెళ్లాను. ఇప్పుడు ఒడ్డు దాకా వెళుతున్నాను. ఒడ్డు దాకానే.

పార్సిలు పంపుతున్నాను. నీలం, ఊదా కొట్లో కొన్నవే. చిన్న డబ్బాలో ఉన్నది నేను తారు వేసి కాచిన జిగురు. పోటీ రోజు పొద్దున వర్షం పడి, కింద పాత గరుకు మంచు ఉంటే అదొక్కటే రాయి. ఇంకెవడు ఏం చెప్పినా వినకు. దాన్ని రాస్తే నువ్వు అనుకున్నదానికంటే ముందే వస్తావు.

తౌనో మళ్లీ వచ్చాడు. ఈసారి కాఫీ ఇచ్చాను. కొమ్మల సంగతి మాత్రం ఎత్తొద్దన్నాను.

నువ్వన్నది నిజమే, తలుపు వేసుకున్నాను. తెరవడం ఎలాగో తెలియడం లేదు.

వస్తాను. అవతలి ఒడ్డు మజిలీ దగ్గర ఉంటాను. రసం, దోసకాయ రెండూ తెస్తాను. మధ్యాహ్నం దాటాక గానీ నువ్వు రావులే, నేను తాపీగా చేరుకుంటాను.

ఔలిస్


తాంపెరె,
మార్చి 9

అన్నయ్యా,

వస్తానన్నావు! ఆ ఒక్క ముక్క ఎన్నిసార్లు చదువుకున్నానో. నా పక్కన పనిచేసే ఆవిడకి కూడా చదివి వినిపించాను. ‘మీ అన్నయ్య మాటలు కూడా రేషన్‌లో ఇస్తాడా’ అంది. అవునన్నాను.

బస్సులో శనివారం బయల్దేరి బాగా పొద్దుపోయాక చేరతాం, మన ఊరి బడిలో పడుకుంటాం, ఆదివారం పోటీ అవగానే బస్సు వెనక్కి. మజిలీ దగ్గర తప్ప నిన్ను చూసే వీలు ఉండదు. కాబట్టి తప్పకుండా ఉండు. అంతమందిలో నన్నెలా గుర్తుపట్టాలంటావా? నా తల చూడు, గుర్తుపడతావు. ఇప్పుడే చెప్పను. చూసి సంతోషిస్తావు.

సైమి


తాంపెరె,
మార్చి 18

అన్నయ్యా,

ఈ ఉత్తరం మంచిగా మొదలుపెడదామని రెండు రోజులు ఆగాను. కోపం తగ్గలేదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పోటీ పూర్తి చేశాను. నమ్ముతావా? సగం మంది కంటే ముందే వచ్చాను. పొద్దున వర్షం, కింద గరుకు మంచు. అందరూ ఎరుపు రాయాలా, ఊదా రాయాలా అని తలలు పట్టుకుంటే నేను నీ డబ్బా తీశాను. ఏం జిగురు అన్నయ్యా అది! ఎత్తు మీద కాలు పెడితే పట్టేది, పల్లంలో వదిలేది. నన్నెవరో వెనక నుంచి తోస్తున్నట్టే ఉంది. పొద్దు ఇంకా నడినెత్తికి రాకముందే అడవి దాటి సరస్సు మీదకి వచ్చేశాను.

సరస్సు మీద వాన, మబ్బు, ఒడ్డు మసక మసకగా ఉంది. కానీ కొమ్మలు ఎంత చక్కగా నాటారో! దారం పట్టి గీసినట్టు. వాటి మధ్య కళ్లు మూసుకుని వెళ్లొచ్చు. తౌనోకి చెప్పు, ఆ కుర్రాళ్లు పని నేర్చుకున్నారని.

అక్కడే, సరస్సు నడిమధ్యలో, నా కోరిక తీరింది. నువ్వు రాయొద్దన్నావు, అయినా రాస్తున్నాను, కావాలనే రాస్తున్నాను. ముందు ఒక ముసలాయన. బూడిదరంగు కోటు, నెత్తి మీద ముసుగు, వీపున సంచి. నంబరు గుడ్డ కూడా లేదు. పోటీ రోజున జాడ మీద షికారేమిటి తాతయ్యా అని ఒళ్లు మండింది. ఒక్కో అడుగు తడిమి తడిమి వేస్తున్నాడు. గొంతు చించుకుని ‘దారి!’ అని అరిచాను. నా జీవితంలో మొదటిసారి! ఆయన ఒక్కసారిగా పక్కకి దిగిపోయాడు, మోకాలి లోతు తడి మంచులోకి. నేను బాణంలా దాటేశాను. థాంక్స్ అన్నానో లేదో కూడా గుర్తులేదు. ఆనందంతో ఒళ్లు తేలిపోయింది. ఇప్పుడు అన్నయ్య చూడాలి, ఇంకాసేపట్లో అన్నయ్య చూస్తాడు అనుకుంటూ ఒడ్డు ఎక్కాను.

నువ్వు లేవు.

నిలబడ్డాను. వెతికాను. రసం పోస్తున్నావిడని అడిగాను. ‘ఔలిసా? ఆయన కొడుకు పోయాక ఇటువైపు ఎక్కడొస్తాడమ్మా’ అంది, జాలిగా. పరాయి మనిషి చేతి రసం తాగాను.  నా వెనక వచ్చినవాళ్లందరికీ వాళ్లవాళ్లు ఎదురొచ్చి భుజాలు తడుతున్నారు. నేను దోసకాయ ముక్క నోట్లో కుక్కుకుని వెళ్లిపోయాను. మిగతా దారంతా ఏడుస్తూనే వెళ్లాను, అయినా ఆగలేదు.

తల మీద ఏం పెట్టుకున్నానో తెలుసా? ఇల్పో ఎర్ర టోపీ. నేను అల్లి ఇచ్చింది. చివరిసారి వచ్చినప్పుడు నా ఇంట్లో మరిచిపోయాడు. అది నువ్వు చూడాలని, వాణ్ణి మన సరస్సు దాటించి క్షేమంగా నీ దగ్గరికి తీసుకురావాలని నా పిచ్చి ఆశ.

రాలేనంటే రాలేనని రాయొచ్చు కదా. నేనేం చిన్నపిల్లనా? వస్తానని రాసి రాకపోవడం ఏం మర్యాద? ఇక నీ తలుపు నువ్వే చూసుకో. నేను తట్టను.

సైమి


కొర్పివారా,
ఏప్రిల్ 13

సైమీ,

రాయడానికి కూర్చోవడం, లేవడం, ఇన్ని రోజులూ ఇదే పని.

ఆ బూడిదరంగు కోటు ముసలాడిని నేనే.

ఇక మొదటి నుంచి చెప్తాను. నువ్వు ఎత్తు మడమల మీద ఇంటికి నడిచానని రాశావే, ఆ ఉత్తరం తర్వాత అటక మీద నుంచి స్కీలు దించాను. ఊరికే తుడిచి పెడదామని. జనవరిలో నీ ఇంకో ఉత్తరం వచ్చింది. కప్పు రసం ఇవ్వడానికైనా బయటికి రమ్మన్నావు. అప్పుడు కాళ్లకి తొడిగాను. ఒడ్డు దాకానే అని రాశాను, నిజమే, కానీ ఆ ఉత్తరం పోస్టులో వేసిన మర్నాడు ఒడ్డు దాటాను. తౌనో ఇంటికి నేనే వెళ్లి కొమ్మలు ఎక్కడున్నాయని అడిగాను. వాడు నోరు తెరుచుకుని చూశాడు. ఆ కొమ్మలు కుర్రాళ్లు నాటలేదు. నేను నాటాను. నా చెల్లెలు ఆ మంచు మీద అడుగుపెడుతుంటే ఇంకొకడి చేతికి ఎలా వదిలేస్తాను?

నీకు చెప్పకుండా దాచాను. మజిలీ దగ్గర స్కీల మీద నిలబడి ఉంటే నువ్వు చూసి ఆశ్చర్యపోతావనుకున్నాను. నీకూ నాకూ ఇద్దరికీ పిచ్చే.

ఆ పొద్దున వాన చూసి మనసు ఊరుకోలేదు. వాగు వచ్చి కలిసే చోట గడ్డ పల్చగా ఉంటుంది, ఇప్పుడెలా ఉందో చూద్దామని మన ఒడ్డు నుంచి బయల్దేరాను. కొమ్మ కొమ్మ దగ్గరా ఆగి కర్రతో పొడిచి చూసుకుంటూ వెళ్లాను. మంచు గట్టిగానే ఉంది. రసం సీసా సంచిలో ఉంది, దోసకాయ గుడ్డలో చుట్టి పెట్టాను. నువ్వు మధ్యాహ్నం దాటాక గానీ రావనుకున్నాను. నా చెల్లెల్ని తక్కువ అంచనా వేశాను. ఆ జిగురు కాచింది నేనే, అదీ మరిచిపోయాను.

అప్పుడు వెనక నుంచి ‘దారి!’ అని వినబడింది.

నీది మన అమ్మ గొంతు సైమీ. ఇల్పో గొంతూ అదే, నీకు తెలుసు. నేను ఆలోచించలేదు. కాళ్లే పక్కకి దిగాయి. ఎర్ర టోపీ నన్ను దాటి వెళ్లింది.

వాడే అనుకున్నాను.

ఆ ఏప్రిల్‌లో కూడా ఇంతే జరిగింది. ఇది నేనెవరికీ చెప్పలేదు. పోటీ అయిపోయింది, మంచు పాతబడింది, ఇద్దరం ఇంటికి వస్తున్నాం. నేను ముందు, వాడు వెనక. మెల్లగా పోతున్నానని వాడికి విసుగు. ‘దారి, నాన్నా, దారి!’ అని నవ్వుతూ అరిచాడు. పక్కకి దిగాను. ‘థాంక్స్ నాన్నా’ అని దాటేశాడు. కొంచెం దూరం పోయి, ఇల్లు కనబడుతోంది కదా అని కొమ్మలు వదిలి వాగు వైపు అడ్డంగా కొట్టాడు. వాడి కర్రల కిరకిర వినబడుతూనే ఉంది. తర్వాత వినబడలేదు.

నేను దారి ఇవ్వకపోతే వాడు నా వెనకే ఉండేవాడు. ఈ రెండేళ్లూ ఈ ఒక్కటే నా తలలో తిరుగుతోంది. అందుకే ఆ మాట రాయొద్దన్నాను. నువ్వు వేరేగా అనుకున్నావు. విడమరిచి చెప్పలేకపోయాను.

నువ్వు దాటాక అరుద్దామనుకున్నాను, ‘కొమ్మలు వదలకు’ అని. కానీ ఎర్ర టోపీని చూస్తూ నిలబడ్డాను. అది కొమ్మల మధ్యే వెళ్లింది. ఒక్క అడుగు కూడా అటూ ఇటూ పోలేదు. వానలో చిన్నదవుతూ, చిన్నదవుతూ పోయి, ఒడ్డు ఎక్కింది. ఎక్కడం నా కళ్లతో చూశాను సైమీ. అప్పుడు ఆ తడి మంచులోనే కూర్చుని ఏడ్చాను. వాడు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. తౌనో మంచుబండి మీద వచ్చి ఎక్కించుకుని వాళ్లింటికి తీసుకెళ్లేసరికి మీ బస్సు వెళ్లిపోయింది.

నీ మీద కోపం లేదు. అడిగినవాళ్లకి దారి ఇవ్వాలి. నీకు నేర్పింది నేనే. వాడికి నేర్పిందీ నేనే.

థాంక్స్ అన్నానో లేదో గుర్తులేదన్నావు. అన్నావు.

ఔలిస్


తాంపెరె,
ఏప్రిల్ 18

అన్నయ్యా,

పనిలోకి వెళుతూ పోస్టుమాన్ చేతి నుంచి తీసుకుని, బేకరీ మెట్ల మీదే చదివాను. లోపలికి వెళ్లలేకపోయాను. మా వాళ్లే పట్టుకుని తీసుకెళ్లి, పిండి బస్తా మీద కూర్చోబెట్టి నీళ్లు తాగించారు.

షికారేమిటి తాతయ్యా అనుకున్నానే! నీ వీపు నాకు తెలీదా? చిన్నప్పుడు ఆ వీపు వెనకాలే కదా స్కీలు నేర్చుకున్నాను. ఒక్కసారి తల తిప్పి ఉంటే! నువ్వైనా నోరు తెరిచి ‘సైమీ’ అని ఒక్క మాట అనకూడదా? ఏం మనుషులం అన్నయ్యా మనం. చలికాలమంతా ఉత్తరాలు రాసుకుని, తీరా ఎదురుపడ్డ రోజున ఒకరినొకరం చూసుకోలేదు.

ఆ టోపీ నిన్ను సంతోషపెడుతుందనుకున్నాను. నిన్ను అంత పని చేస్తుందని కలలో కూడా అనుకోలేదు. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

నువ్వు దారి ఇవ్వకపోతే అన్నావు. ఇవ్వని తండ్రి మన ఊళ్లో ఎవడున్నాడు? పిల్లాడు నవ్వుతూ అడిగితే ఎవడు ఇవ్వడు? నేనైనా ఇచ్చేదాన్ని. నీ బరువు తగ్గుతుందని కాదు ఈ మాట అనడం. ఇకనుంచి ఒక్కడివే మోయొద్దని.

మే నెలలో సెలవు పెట్టి వస్తున్నాను. వద్దన్నా వస్తాను. అప్పటికి మంచు ఉండదు, తెలుసు. వచ్చే చలికాలం ఇద్దరం కలిసి సరస్సు దాటుదాం. నంబర్లూ వద్దు, పోటీలూ వద్దు. నువ్వు ముందు, నేను వెనక. ఎంత మెల్లగా వెళ్లినా సరే. వెనక నుంచి నా నోట్లోంచి ఒక్క మాట కూడా రాదు. ఒట్టు.

సైమి


కొర్పివారా,
ఏప్రిల్ 27

సైమీ,

రా. నీ గది తుడిచాను. పరుపు ఎండలో వేశాను.

మంచు కరగబోతూ సరస్సు నల్లబడింది. కొమ్మలు పీకలేదు, మంచు కరిగాక అవే తేలుతూ ఒడ్డుకొస్తాయి. ఏటా వాటిని ఏరి సౌనా పొయ్యిలో వేసేవాళ్లం, నేనూ వాడూ. ఈసారి నువ్వూ నేనూ ఏరుదాం.

టోపీ తెచ్చుకో. దాచిపెట్టకు.

ఒక్క విషయం. వెనక నుంచి నోరెత్తనని ఒట్టు పెట్టావు. అలా చెయ్యకు. ఆ రోజు కిరకిర ఆగిపోయాక వచ్చిన నిశ్శబ్దం నేనిక భరించలేను. నువ్వు వెనక ఉన్నావని నాకు అడుగడుగునా తెలుస్తూ ఉండాలి. రొట్టెల సంగతి చెప్పు. మీ మేనేజరుని తిట్టు. ఊపిరి ఆడకపోయినా సరే, వాగుతూనే ఉండు. చెప్పడానికి ఇంకేమీ దొరక్కపోతే ‘దారి’ అని కూడా అరిచెయ్యి, పరవాలేదు.

ఈసారి నేను తప్పుకోను.

అన్నయ్య